ఎనిమిది గంటల బాటరీ ఎన్ని గంటలు వస్తుంది?

మనలో ఎక్కువమందిమి సాఫ్ట్‌వేర్ మనుషులం. ఫలానా అప్లికేషన్‌కి ఎన్ని సర్వర్లు కావాలి, పండగ రోజు రద్దీకి ఇంకెన్ని జోడించాలి అన్న లెక్కలు మనకి కొత్త కాదు. కాని ఆ సర్వర్ల దాకా మన మాటని మోసుకుపోయే సెల్ టవరు కింద ఒక ఇనప బీరువా ఉంటుంది. కరెంటు పోగానే టవరుని బతికించేది ఆ బీరువాలోని బాటరీలే. అవి ఎన్ని ఉండాలో ఎవరు లెక్క కడతారు? ఎలా కడతారు? కొన్నేళ్ళుగా నా ఉద్యోగం ఈ లెక్కలు కట్టడమే. భాగహారం, గుణకారం వస్తే చాలు, ఈ లెక్క ఎవరికైనా అర్థం అవుతుంది. అర్థం చేసుకోవలసిన అవసరం కూడా ఉందని నా అభిప్రాయం.

ఎందుకు అవసరమో ముందు చెప్పుకుందాం. 2005 ఆగస్టులో కత్రినా తుపాను వచ్చినప్పుడు అమెరికా దక్షిణ తీరంలో ఫోన్లు మూగబోయాయి. గాలికి కూలిన టవర్లు కొన్నయితే, కరెంటు లేక ఆగిపోయినవి ఎన్నో. ఆ అనుభవంతో 2007లో ఎఫ్.సి.సి. ఒక నిబంధన చేసింది: టెలిఫోను ఎక్స్ఛేంజీలకి 24 గంటలు, సెల్ సైట్లకి 8 గంటలు సొంత విద్యుత్తు ఉండాలి అని. కంపెనీలు కోర్టుకి వెళ్ళాయి. 2008లో వైట్‌హౌస్ బడ్జెట్ కార్యాలయం ఆ నిబంధనకి ఆమోదం ఇవ్వలేదు. దానితో అది అమలులోకి రాకుండానే పోయింది. అయినా "ఎనిమిది గంటలు" అన్న మాట మాత్రం ఈ పరిశ్రమలో నిలిచిపోయింది.

తరువాత 2019 అక్టోబరు వచ్చింది. ఈదురుగాలులకి తీగలు తెగి కార్చిచ్చు రగులుతుందన్న భయంతో ఉత్తర కాలిఫోర్నియాలో విద్యుత్ కంపెనీయే లక్షల ఇళ్ళకి కరెంటు తీసేసింది. గోల్డెన్ గేట్ వంతెనకి అవతల ఉన్న మెరీన్ కౌంటీలో సగానికి పైగా సెల్ సైట్లు ఆగిపోయాయి. ఇల్లు ఖాళీ చేసి పొమ్మనే హెచ్చరిక ఫోనులోనే రావాలి. ఆ ఫోనుకి సిగ్నల్ లేదు. కాగితం మీద గంటలకీ, అర్ధరాత్రి నిజంగా దొరికే గంటలకీ తేడా ఎందుకు వస్తుందన్నదే ఈ వ్యాసంలో విషయం.

కొంచెం పరిభాష

మన ఇళ్ళలో "కరెంటు" అంటే విద్యుత్ సరఫరా. ఆంపియర్లలో కొలిచే దానిని ఈ వ్యాసంలో "ప్రవాహం" అంటాను, తికమక లేకుండా.

టెలికాం పరికరాలు 48 వోల్టుల ఏకముఖ విద్యుత్తు మీద నడుస్తాయి. వీధిలో నుంచి వచ్చే ఏ.సి.ని డి.సి.గా మార్చే పెట్టెని రెక్టిఫయర్ అంటారు. రెక్టిఫయర్, బాటరీ, పరికరం మూడూ ఒకే రాగి పట్టీకి కలిపి ఉంటాయి. కరెంటు ఉన్నంతసేపూ రెక్టిఫయరే పరికరాన్ని నడుపుతూ బాటరీని నిండుగా ఉంచుతుంది. కరెంటు పోయిన మరుక్షణం బాటరీ అందుకుంటుంది. మధ్యలో స్విచ్చి లేదు, మారడానికి పట్టే కాలం లేదు. అందుకే మాట తెగదు. నూరేళ్ళకి పైబడ్డ ఈ ఏర్పాటుని ఇప్పటికీ ఎవరూ మార్చలేదంటే అందం అందులోనే ఉంది.

48 వోల్టులకి ముందు ఋణ గుర్తు ఉంటుంది. అంటే ధన ధ్రువాన్ని భూమికి కలుపుతారు. నేలలో పాతిన రాగి తీగలు తేమకి తినేసుకుపోకుండా పాతకాలం ఇంజనీర్లు చేసిన ఉపాయం ఇది.

సీసం బాటరీలో ఒక్కొక్క ఘటం సుమారు 2 వోల్టులు. అలాంటివి 24 వరసగా కలిపితే 48. నిండుగా ఉంచేటప్పుడు మొత్తం మీద 54 వోల్టులు పెడతాం. ఖాళీ అవుతున్నప్పుడు ఘటానికి 1.75 వోల్టుల దగ్గర, అంటే మొత్తం 42 దగ్గర, ఇక చాలని ఆపుతాం. అంతకన్నా పిండితే బాటరీ పాడవుతుంది.

మొదటి మెట్టు: ఎంత తింటుంది?

ఒక ఉదాహరణ తీసుకుందాం. సియెర్రా కొండల దిగువన ఒక సెల్ సైటు. ఆరు రేడియోలు, ఒక్కొక్కటీ 300 వాట్లు. బేస్‌బాండ్ పెట్టె 400 వాట్లు. రౌటరు, తదితరాలు 200. మొత్తం 2400 వాట్లు. ఈ అంకె ఎక్కడి నుంచి తెచ్చామన్నది ముఖ్యం. పరికరం వెనకాల అతికించిన చీటీ మీద ఉండేది గరిష్ఠం, అది మరీ ఎక్కువ. నెల మొత్తానికి సగటు తీస్తే మరీ తక్కువ. కరెంటు పోయినప్పుడు అందరూ ఒకేసారి ఫోన్లు చేస్తారు కనుక, రద్దీ గంటలో కొలిచిన అంకె తీసుకోవాలి.

తొందరపడేవాడు ఇక్కడే లెక్క ముగిస్తాడు: 2400ని 48తో భాగిస్తే 50 ఆంపియర్లు. ఎనిమిది గంటలకి 400 ఆంపియర్-గంటలు. 200 ఆంపియర్-గంటల బాటరీలు రెండు స్ట్రింగులు పెడితే సరి! (స్ట్రింగు అంటే మన ప్రోగ్రాముల్లో స్ట్రింగు కాదు. 12 వోల్టుల బాటరీలు నాలుగు ఒకదాని వెనక ఒకటి కలిపిన వరస.)

ఇందులో మొదటి చిక్కు ఏమిటంటే, రేడియోకి కావలసింది వాట్లు. బాటరీ వోల్టేజి తగ్గే కొద్దీ అన్ని వాట్లు రాబట్టుకోవడానికి అది ఎక్కువ ప్రవాహం లాగుతుంది. 54 వోల్టుల దగ్గర 44 ఆంపియర్లు చాలు. 42 దగ్గరికి వచ్చేసరికి 57 కావాలి. బాటరీ అలిసిపోయే కొద్దీ బరువు పెరుగుతుందన్నమాట. కాబట్టి సగటున 46 వోల్టులు అనుకుని 52 ఆంపియర్లు తీసుకుంటాను. ఎనిమిది గంటలకి 416 ఆంపియర్-గంటలు.

లేబులు మీద అంకె

బాటరీ మీద "200 ఆంపియర్-గంటలు" అని రాసి ఉంటుంది. ఆ అంకె వెనక నాలుగు షరతులు ఉంటాయి: ఎనిమిది గంటలలో నెమ్మదిగా ఖాళీ చెయ్యాలి, ఘటానికి 1.75 వోల్టుల దాకా తియ్యాలి, వేడి 25 డిగ్రీల సెల్సియస్ ఉండాలి, బాటరీ కొత్తదై ఉండాలి. అమెరికాలో టెలికాం బాటరీలకి వాడుక ఇది. ఇండియాలో పది గంటల లెక్కన, 27 డిగ్రీల దగ్గర చెబుతారు. అక్కడి అంకెనీ ఇక్కడి అంకెనీ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు.

వేగంగా ఖాళీ చేస్తే బాటరీ తక్కువ ఇస్తుంది. ఎనిమిది గంటల లెక్కన 100 ఇచ్చే సీసం బాటరీని ఒక్క గంటలో లాగేస్తే 60 ప్రాంతంలోనే ఇస్తుంది. ఈ సంగతిని 1897లో పాయికెర్ట్ అనే జర్మన్ శాస్త్రవేత్త సూత్రంగా రాశాడు. మేము సూత్రం కన్నా తయారీదారు ఇచ్చే పట్టికనే నమ్ముతాం. మన ఉదాహరణలో కావలసింది ఎనిమిది గంటలే కనుక ఈ సవరణ అక్కరలేదు. రెండు గంటలకో నాలుగు గంటలకో లెక్క కట్టేవారు మాత్రం దీన్ని వదలకూడదు.

మూడు గుణకాలు

సీసం బాటరీల లెక్కకి ఐ.ఇ.ఇ.ఇ. 485 అనే ప్రమాణపత్రం ఉంది. అందులోని సారం మూడు గుణకాలు.

ఒకటి, వయస్సు. కొత్తలో ఉన్న సామర్థ్యంలో 80 శాతానికి దిగితే బాటరీ మార్చాలి. అంటే మార్చే ముందు రోజు కూడా అది తన పని చెయ్యగలగాలి. కనుక 0.8తో భాగించాలి, అంటే 1.25తో గుణించాలి.

రెండు, చలి. 10 డిగ్రీల సెల్సియస్ దగ్గర గుణకం 1.19. ఇంకా చలైతే ఇంకా ఎక్కువ. ఆ సైటులో బాటరీ ఎంత చల్లబడగలదో చూసి తీసుకోవాలి.

మూడు, జాగ్రత్త. రేపు ఎవరో ఇంకో రేడియో తగిలిస్తారు. తప్పకుండా తగిలిస్తారు. 1.10 నుంచి 1.15 దాకా తీసుకోవడం వాడుక. మనం 1.10 తీసుకుందాం.

416 × 1.25 × 1.19 × 1.10 = 681 ఆంపియర్-గంటలు. 200 చొప్పున భాగిస్తే మూడుకి పైన వస్తుంది. సగం స్ట్రింగు కొనలేం కనుక నాలుగు. మొత్తం పదహారు బాటరీలు, దాదాపు ఒక టన్ను సీసం.

ఇప్పుడు తొందరపాటు మనిషి పెట్టిన రెండు స్ట్రింగుల సంగతి చూద్దాం. పెట్టిన రోజున పరీక్ష చేస్తే 400ని 52తో భాగించి ఏడున్నర గంటల పైచిలుకు వస్తుంది. "ఎనిమిదికి దగ్గరే కదా" అని సంతకాలు అయిపోతాయి. కొన్నేళ్ళు గడిచాక చలి రాత్రి కరెంటు పోయింది. 400లో 80 శాతం 320. దాన్ని 1.19తో భాగిస్తే 269. అంటే ఐదు గంటలు. కాగితం మీద ఎనిమిది గంటల సైటు రాత్రి పది గంటలకి కరెంటు పోతే ఆరింటి దాకా కాదు, మూడింటికే ఆగిపోతుంది. ఆ మూడు గంటల్లో ఎవరికి ఏం జరుగుతుందో చెప్పలేం. పెట్టిన రోజు పరీక్షకి నేను పెద్ద విలువ ఇవ్వకపోవడానికి కారణం ఇదే.

గల్ఫులో ఉన్న మిత్రులకి చలి బాధ లేదు, వేరే బాధ ఉంది. వేడిలో బాటరీ గంటలు తగ్గవు, ఆయుష్షు తగ్గుతుంది. 25 డిగ్రీలకి పైన ప్రతి పది డిగ్రీలకీ ఆయుష్షు సగమవుతుందని లెక్క. పదేళ్ళ బాటరీ 35 డిగ్రీల గదిలో ఐదేళ్ళకే ముసలిదవుతుంది. అక్కడ ఏ.సి. బాగుచేయించడం బాటరీ కొనడం లాంటిదే.

తీగలో పోయే వోల్టులు

బాటరీ దగ్గర 42 వోల్టులు ఉంటే టవరు మీద రేడియో దగ్గర 42 ఉండవు. ఐరోపా ప్రమాణం ప్రకారం పరికరం 40.5 వోల్టుల దాకా పనిచెయ్యాలి. అంటే తీగలో పోవడానికి మనకి ఉన్నది ఒకటిన్నర వోల్టు మాత్రమే.

రేడియో 40 మీటర్ల ఎత్తున ఉందనుకుందాం. రానూపోనూ 80 మీటర్ల రాగి. 42 వోల్టుల దగ్గర 300 వాట్ల రేడియో 7 ఆంపియర్ల పైచిలుకు లాగుతుంది. ఆరు చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే 1.6 వోల్టులు అందులోనే పోతాయి. పది చదరపు మిల్లీమీటర్లు వేస్తే ఒక వోల్టు. సన్న తీగ వేసినచోట బాటరీలో ఇంకా సత్తువ ఉండగానే రేడియో ఆరిపోతుంది. అప్పుడు అందరూ బాటరీని తిట్టుకుంటారు. పాపం దాని తప్పేమీ లేదు.

మళ్ళీ నింపడం ఎలా?

ఖాళీ అయిన బాటరీ మళ్ళీ నిండాలి. ఒక రోజు పోయిన కరెంటు మర్నాడు కూడా పోవచ్చు. కోతల కాలంలో పెరిగిన మనకి ఈ మాట ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు.

తీసిన 416 ఆంపియర్-గంటలకి పది శాతం నష్టం కలిపితే 458 పెట్టాలి. పన్నెండు గంటలలో నింపాలంటే 38 ఆంపియర్లు. పరికరానికి 54 వోల్టుల దగ్గర 44. మొత్తం 82 ఆంపియర్లు, అంటే 4.4 కిలోవాట్లు. 2 కిలోవాట్ల రెక్టిఫయర్ ఒకటి 37 ఆంపియర్లు ఇస్తుంది. కనుక మూడు కావాలి. ఒకటి చెడిపోయినా పని ఆగకుండా ఇంకొకటి. మొత్తం నాలుగు.

పొదుపు చేద్దామని రెండే పెడితే? ఒకటి చెడిన రోజున మిగిలేది 37 ఆంపియర్లు, కావలసింది 44. వీధిలో కరెంటు ఉండగానే బాటరీ ఖాళీ అవుతుంది! ఎవరూ గమనించకపోతే ఆ సైటు కరెంటు పోకముందే చచ్చిపోయి ఉంటుంది.

ఎక్కువ పెట్టినా చిక్కే. నాలుగు రెక్టిఫయర్లు కలిసి 148 ఆంపియర్లు ఇవ్వగలవు. పరికరానికి పోను 104 బాటరీలోకి పోతాయి. 800 ఆంపియర్-గంటల బాటరీకి అది 13 శాతం, పరవాలేదు. 400కి అయితే 26 శాతం. చాలా సీసం బాటరీలకి తయారీదారులు 10 నుంచి 20 శాతం మధ్యలో ఎక్కడో గీత గీస్తారు. అది దాటితే బాటరీ వేడెక్కుతుంది. అందుకని రెక్టిఫయర్ కంట్రోలరులో ఛార్జింగుకి పరిమితి పెట్టాలి.

జనరేటరు, ఒక చిన్న సెట్టింగు

ఆ పరిమితికి ఇంకో ఉపయోగం ఉంది. బాటరీలు ఖాళీ అయ్యాక జనరేటరు తెచ్చి తగిలించామనుకోండి. పరిమితి లేకపోతే నాలుగు రెక్టిఫయర్లూ ఒక్కసారిగా ఆకలితో లాగుతాయి: సుమారు 8.4 కిలోవాట్లు. గదిలో ఏ.సి.కి 3 కలిపితే 11.4. జనరేటరుని 80 శాతానికి మించి లాగకూడదనుకుంటే 15 కిలోవాట్లది కావాలి. ఛార్జింగుని 38 ఆంపియర్లకి కట్టేస్తే రెక్టిఫయర్లకి 4.7, ఏ.సి.తో 7.7. అప్పుడు 10 కిలోవాట్ల జనరేటరు చాలు, ఏ.సి. మొదలయ్యే క్షణంలో లాగే ఎక్కువ ప్రవాహాన్ని తట్టుకోగలదో లేదో చూసుకుంటే. ఒక్క కాన్ఫిగరేషన్ అంకె మార్చితే 5 కిలోవాట్ల యంత్రం మిగిలింది. సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇంతకన్నా నచ్చే సంగతి ఏముంటుంది?

ఎనిమిది నుంచి డెబ్భై రెండుకి

2019 అనుభవం తరువాత, 2020లో కాలిఫోర్నియా పబ్లిక్ యుటిలిటీస్ కమిషన్ కార్చిచ్చు ముప్పు ఎక్కువ ఉన్న ప్రాంతాల్లో సెల్ సేవలకి 72 గంటల సొంత విద్యుత్తు ఉండాలని ఆదేశించింది. మన లెక్కనే పెట్టి చూద్దాం: 52 × 72 = 3744. మూడు గుణకాలతో 6126. అంటే 31 స్ట్రింగులు, 124 బాటరీలు, ఏడు టన్నుల పైమాట. నెమ్మదిగా ఖాళీ చేస్తాం కనుక కొంత కలిసివచ్చినా ఈ దారి దారి కాదని తెలుస్తూనే ఉంది. 72 గంటలంటే జనరేటరే. గంటకి రెండున్నర లీటర్ల డీజిల్ అనుకుంటే 180 లీటర్లు. ఇక బాటరీ పని వంతెనలా ఉండటం: జనరేటరు మొదలయ్యే దాకా, లేదా మొరాయిస్తే మనిషి వెళ్ళి బాగుచేసే దాకా.

ఆ మనిషి ఎంతసేపటికి వెళ్ళగలడు అన్నదే అసలైన గంటల లెక్క. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటినప్పుడు ఇక్కడి నుంచి ఇంటికి ఫోను కలపడానికి తంటాలు పడ్డవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. చెట్లు కూలి రోడ్లు మూసుకుపోయిన ఊళ్ళో డీజిల్ డ్రమ్ము టవరు దాకా ఎలా వెళుతుంది? ఎనిమిది గంటలు అన్నది ఎవరో పెట్టిన అంకె. ఆ కొండ దారిలో, ఆ తుపానులో ట్రక్కు చేరడానికి పట్టే గంటలు నిజమైన అంకె. లెక్క మొదలుపెట్టవలసింది అక్కడి నుంచి.

సాఫ్ట్‌వేర్ ఏం చెయ్యగలదు?

బాటరీలు పెంచకుండా గంటలు పెంచే ఉపాయం ఒకటుంది. కరెంటు పోయిన రెండు గంటలకి ఆరింట్లో మూడు రేడియోలు ఆపేద్దాం. వీడియోలు నత్తనడక నడుస్తాయి, కాని మాట, హెచ్చరిక, 911 అందుతాయి. మొదటి రెండు గంటలలో ఖర్చు 104 ఆంపియర్-గంటలు. 416లో మిగిలేవి 312. ఇప్పుడు 1500 వాట్లే కనుక 33 ఆంపియర్ల లోపు. అంటే ఇంకో తొమ్మిదిన్నర గంటలు. మొత్తం పదకొండున్నర. అవే బాటరీలు, మూడున్నర గంటలు ఎక్కువ. ఎప్పుడు, ఏ రేడియో ఆపాలన్నది నిర్ణయించే ప్రోగ్రాము రాసేది మనలాంటివారే.

లిథియం వచ్చాక ఇదంతా పాతబడింది కదా అని కొందరు అడుగుతారు. లిథియం ఐరన్ ఫాస్ఫేటు బాటరీ తేలిక, ఎక్కువసార్లు ఖాళీ చేసి నింపవచ్చు, వేగంగా లాగినా పెద్దగా నష్టపోదు. కాని నీళ్ళు గడ్డకట్టే చలికి దిగువన దాన్ని ఛార్జి చెయ్యకూడదు. లోపలి రక్షణ సర్క్యూటు చెప్పాపెట్టకుండా ఆపేయగలదు. గుణకాల విలువలు మారతాయి, గుణకాలు పోవు. వయస్సు దానికీ వస్తుంది.

ఇంటికి ఒక లెక్క

చివరిగా మీరే చేసి చూడండి. మీ ఇంట్లో ఇంటర్నెట్టు పెట్టెకి చిన్న యు.పి.ఎస్. ఉండే ఉంటుంది. చాలావాటిలో 12 వోల్టుల, 7 ఆంపియర్-గంటల సీసం బాటరీ ఒకటి ఉంటుంది. అంటే 84 వాట్-గంటలు. మోడెమ్, రౌటరు కలిసి 25 వాట్లు. తొందరపాటు లెక్కలో మూడు గంటల పైన. ఇప్పుడు సవరించండి: యు.పి.ఎస్. తన కోసం తినేది ఒక 10 వాట్లు. ఆ 7 అన్నది ఇరవై గంటల లెక్కన ఇచ్చిన అంకె, రెండు మూడు గంటల్లో లాగితే అంత రాదు. దానికి నాలుగేళ్ళు నిండాయి. గంటన్నర మిగిలితే సంతోషించాలి.

నమ్మకపోతే ఈ శనివారం గోడలో ప్లగ్గు తీసి, గడియారం చూడండి. ఇంట్లో పెద్దవాళ్ళుండి, ఫోను ఆ పెట్టె మీదే నడుస్తుంటే, ఆ అంకెని ఒక చీటీ మీద రాసి యు.పి.ఎస్.కి అతికించండి. వచ్చే ఏడాది మళ్ళీ కొలిచి, పాత అంకె కొట్టేసి కొత్తది రాయండి.